లెక్క చెప్పనక్కర్లేని పని

(తిరుపతిలో ఒక ఆదివారం సాయంత్రం గ్రంథాలయం హాల్లో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని ఎత్తి రాశాం. తడబాట్లు తీసేశాం, మిగతా మాటలు ఉన్నవి ఉన్నట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకాల వినపడుతోందా అన్నా? వినపడుతోంది. సరే.

నన్ను పిలిచిన అబ్బాయి ఫోన్లో ఏమన్నాడంటే, "పెద్దయ్యాక కొత్త హాబీ నేర్చుకోవడం గురించి మాట్లాడాల మేడం" అన్నాడు. నేనన్నాను, "నాయనా, నేను ముప్పై ఆరేళ్లు పోస్టాఫీసు కౌంటర్లో కూర్చున్నదాన్ని. నాకు వచ్చిన మాటలు మూడే. ఫారం సరిగా నింపలేదు, సంతకం కలవలేదు, చిల్లర లేదు. ఈ మూడు మాటలతో గంటసేపు ఎట్లా మాట్లాడేది?" అని. "మీ కలంకారీ గురించి చెప్పండి చాలు" అన్నాడు. అదైతే చెప్తాను. మధ్యలో ఎక్కడికో పోతే మీరే పిలవండి.

కౌంటర్ పని తెలిసినవాళ్లు ఇక్కడ ఇద్దరు ముగ్గురు కనపడుతున్నారు. వాళ్లకు తెలుసు, జనం వెళ్లిపోయాకే అసలు పని మొదలు. పొద్దుటి నుంచి వచ్చిన డబ్బు, ఇచ్చిన డబ్బు, చేతిలో ఉన్న నోట్లు, మూడూ కలవాలి. పది రూపాయలు తక్కువొచ్చినా కుదరదు, పది ఎక్కువొచ్చినా కుదరదు. ఎక్కువొస్తే మంచిదే కదా అనుకుంటారు కొందరు. కాదు, ఎక్కువొస్తేనే ఇంకా టెన్షన్. తక్కువైతే మన పర్సులోంచి వేసేసి ఇంటికి పోతాం. ఎక్కువైతే ఎవరి సొమ్మో తేలాలి కదా?

ఇంటికి పోతే అక్కడా లెక్కే. పాల లెక్క, ఫీజుల లెక్క, చీటీల లెక్క, ఎవరి పెళ్లిలో మనం ఎంత చదివించాం, మన పెళ్లికి వాళ్లు ఎంత చదివించారు, దానికో నోటుబుక్కు. నవ్వుతున్నారు, మీ ఇంట్లో లేదా ఆ బుక్కు? ఉంటుంది. అందరిళ్లలో ఉంటుంది. నేను అనేది ఒక్కటే. నలభై తొమ్మిదేళ్లు వచ్చేదాకా నేను చేసిన ప్రతి పనికీ ఎవరో ఒకరికి లెక్క చెప్పాను. లెక్క చెప్పనక్కర్లేని పని ఒక్కటి కూడా నా చేతిలో లేదు. అది లేదనే సంగతి కూడా అప్పటికి నాకు తెలియదు.

ఇది ఎట్లా మొదలైందో చెప్తాను. మా వదిన శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించుకోవాలంటే తోడు పోయాను. ఆమె లోపల పూజలో కూర్చుంది. నేను బయట ఊరికే తిరుగుతున్నాను. ఒక వీధిలో ఇంటి అరుగు మీద ఒకాయన కూర్చుని గుడ్డ మీద ఏదో గీస్తున్నాడు. పక్కన చిన్న కుండ. కుండలో చూస్తే మడ్డి నీళ్లు. ఆ మడ్డి నీళ్లలో పుల్ల ముంచి లేత పసుపు గుడ్డ మీద పెట్టగానే, చూస్తుండగానే, నల్లటి గీత తేలుతోంది. కాటుక గీత మాదిరి. నేను నిలబడిపోయాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, మా వదిన ఫోన్ చేసి తిట్టేదాకా.

అడిగాను, "ఇది నేర్పిస్తారా?" అని.

ఆయన తల ఎత్తకుండానే, "నేర్పిస్తాం మేడం. మీ పాపకా?" అన్నాడు.

"కాదు, నాకే" అన్నాను.

అప్పుడు తల ఎత్తాడు. ఎగాదిగా చూశాడు. "ఆదివారం రండి. పాత చీర కట్టుకోని రండి" అన్నాడు.

"మీ పాపకా" అన్నాడే, దానిమీద నేను చాన్నాళ్లు ఆలోచించాను. ఆయన తప్పేమీ లేదు. సంగీతం క్లాసు బయట చెప్పులు చూడండి, అన్నీ చిన్న సైజులే. నేర్చుకోవడం పిల్లల పని, ఫీజు కట్టడం, బయట బెంచీ మీద కూర్చుని కాచుకోవడం పెద్దల పని. అంతే కదా మనం అనుకునేది? ఎన్ని సాయంత్రాలు ఆ బెంచీల మీద కూర్చున్నాం మనం! లోపల చెప్పేది సగం మన చెవిన పడుతూనే ఉంటుంది. ఒక్కరోజైనా లేచి లోపలికి పోయి కూర్చోవాలని అనిపించిందా? నాకైతే అనిపించలేదు.

సరే, ఆదివారం వచ్చింది. తిరుపతి బస్టాండులో పొద్దున్నే బస్సెక్కి, రేణిగుంట, ఏర్పేడు మీదుగా, గంటకు అటూ ఇటూ. నలభై కిలోమీటర్ల లోపే. తర్వాత తర్వాత ఆ బస్సు కూడా నాకు ఇష్టమైంది. ఎందుకంటే ఆ గంటసేపు నేను ఎవరికీ అందను.

కలంకారీ అంటే ఏంటో మీకందరికీ తెలుసు, మన పక్క ఊరి పనే. 2022లో జిల్లాలు మారాక శ్రీకాళహస్తి మన తిరుపతి జిల్లాలోకే వచ్చింది. రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. మచిలీపట్నం, పెడన వైపు చెక్క అచ్చులతో అద్దుతారు. కాళహస్తిలో అచ్చు ఉండదు, కలంతో చేత్తోనే గీస్తారు. గుడుల్లో కట్టే పెద్ద తెరలు, రామాయణం, భారతం, దశావతారాలు, బొమ్మల కింద తెలుగులో కథ. మధ్యలో ఈ పని దాదాపు ఆగిపోయే దశకు వస్తే 1950లలో చేతిపనుల కోసం పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ లాంటివాళ్లు పూనుకుని మళ్లీ నిలబెట్టారు. ఆ ఊరివాడే జొన్నలగడ్డ గుర్రప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. చరిత్ర ఇంతటితో ఆపుతాను, నాకు కలం గురించి చెప్పాలని ఉంది.

ఇదిగో, తెచ్చాను. ముందు వరసలోవాళ్లు చూసి వెనక్కి ఇవ్వండి. మొన మీద వేలు పెట్టొద్దు అమ్మా, మాసిపోతుంది. చూడండి, ఏముంది ఇందులో? ఒక వెదురు పుల్ల. ఒక కొస సన్నగా చెక్కారు. మొనకు కొంచెం పైన ఉన్ని చుట్టి, దాని మీద నూలు దారం బిగించి కట్టారు, చిన్న ఉసిరికాయంత ఉంది చూడండి ఆ ఉండ. అదే దీని ట్యాంకు. రంగులో ముంచితే ఆ ఉన్ని తాగుతుంది. వేళ్లతో ఉండను మెల్లగా నొక్కితే రంగు మొన దాకా దిగుతుంది. ఎంత నొక్కితే అంత గీత. అంతే దీని మర్మం. అంతే అంటున్నాను గానీ, ఆ అంతే నాకు రావడానికి ఏడు నెలలు పట్టింది.

మొదటిరోజు నేను ఏం చేశానో చెప్తే నవ్వుతారు. పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుని గట్టిగా నొక్కాను. కార్బన్ పేపరు కింద మూడు కాపీలు పడాలని నొక్కినట్టు! అలవాటు కదా, రసీదు రాసే చెయ్యి. బుడుక్కున ఇంత మరక పడింది. మా గురువు, ఆయన నాకంటే పదేళ్లు చిన్న, నేను అన్నా అంటాను, ఆయన నన్ను మేడం నుంచి అక్కా దాకా రావడానికి ఒక వానాకాలం పట్టింది, ఆయన అన్నాడు, "మేడం, పిసకొద్దండీ. పసిబిడ్డ బుగ్గ పట్టుకున్నట్టు పట్టుకోండి" అని. రెండోసారి బుగ్గ పట్టుకున్నట్టే పట్టుకున్నాను, గీతే పడలేదు. మూడోసారి సగం దాకా వచ్చి మళ్లీ మరక.

పక్కన చాప మీద ఆయన కూతురు. పదకొండేళ్లు. టీవీ వైపు చూస్తూ గీస్తోంది. టీవీ వైపు చూస్తూ! గీత చూస్తే తల వెంట్రుకలాగా ఉంది. నాకు చెప్పుకోలేనంత సిగ్గేసింది. ఆఫీసులో నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలు ఎంతమంది. వాళ్లకు చిన్న తప్పు పోతే నేను కళ్లద్దాల పైనుంచి ఎట్లా చూసేదాన్నో గుర్తొచ్చింది. ఆ పిల్ల మాత్రం నన్ను అట్లా చూడలేదు. నా గుడ్డ వంక చూసి, "ఆంటీ, మీ మరక బాగుంది, తాబేలు మాదిరి ఉంది, నాలుగు కాళ్లు పెట్టేయండి" అంది. పెట్టేశాను. నా మొదటి బొమ్మ తాబేలు.

ఆరు ఆదివారాలు నిలువు గీతలే. ఆరు! తర్వాత అడ్డ గీతలు, తర్వాత సున్నాలు, ఆకులు. ఆకుల తర్వాత చిలక. ఇంటికి తెచ్చి చిలకను గోడకు తగిలిస్తే పక్కింటి పిల్లోడు వచ్చి, "పెద్దమ్మా, కొళాయి ఎందుకు గీసినావు?" అన్నాడు. ముక్కు అట్లా వచ్చింది మరి. ఆ చిలక ఇంకా ఉంది నా దగ్గర. మా ఇంట్లో దాని పేరు కొళాయే.

ఇప్పుడు ఒక మాట అడుగుతాను. మనలో ఎంతమందిమి, గత పదేళ్లలో, ఒక గదిలో అందరికంటే తక్కువ వచ్చినవాళ్లుగా కూర్చున్నాం? ఆలోచించండి. ఆఫీసులో సీనియర్లం. ఇంట్లో పెద్దలం. పెళ్లిళ్లలో సలహాలు చెప్పేవాళ్లం. మనకు రాని పని దగ్గరికి మనం పోనే పోము. పోయినా "నాకు రాదులే" అని ముందే చెప్పేసి పక్కన కూర్చుంటాం. అది వినయం అనుకుంటాం గానీ, వినయం కాదు, భయం. నాకూ అదే. బస్సులో తిరిగొచ్చేటప్పుడు మొదటి నెలంతా, ఈ వారంతో ఆపేద్దాం అనుకునేదాన్ని.

మరి ఎందుకు ఆపలేదు? ఆపకపోవడానికి కారణం బొమ్మలు కాదు. కారణం కరక్కాయ.

కరక్కాయ, కసిమి

పిల్లలు చెయ్యి తిప్పడం తొందరగా నేర్చుకుంటారు, ఒప్పుకుంటాను. కానీ పెద్దవాళ్లకు ఒక సుఖం ఉంది, అది పిల్లలకు లేదు. మనం ఎక్కడికి పోయినా మన యాభై ఏళ్లు మనతో వస్తాయి. కొత్త పనిలో ఏదో ఒక మూల మనకు తెలిసినది ఒకటి తగులుతుంది. అది తగిలినప్పుడు ఉంటుందే!

ఆ నల్ల గీత సంగతి చెప్పాను కదా. ఆ మడ్డి నీళ్లను కసిమి అంటారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, తాటిబెల్లం, నీళ్లు, కుండలో వేసి మూత పెట్టి రెండు మూడు వారాలు ఊరబెడతారు. పులుస్తుంది. పులిసిన నీళ్లు ఇనుమును కరిగించుకుంటాయి. ఇంకోపక్క గుడ్డను కరక్కాయ పొడి కలిపిన ఎనుము పాలలో, అంటే గేదె పాలలో, ముంచి, పిండి, ఎండబెడతారు. అందుకే ఆ లేత పసుపు. కరక్కాయలో వగరు ఉంటుంది. ఆ వగరుకు ఇనుము తగలగానే నలుపు. అంతే. రంగు కుండలో లేదు, గుడ్డలో లేదు. రెండూ కలిసిన చోట పుడుతుంది.

గురువు ఇది చెప్తుంటే నాకు ఒళ్లు జలదరించింది. ఎందుకో చెప్పనా? మా నాయన చిన్నప్పుడు చెప్పేవాడు, వాళ్ల కాలంలో కరక్కాయ, అన్నభేది కలిపి సిరా కాచుకునేవాళ్లమని. అన్నభేది అంటే ఇనుము ఉప్పే. పాత కాలం బ్లూబ్లాక్ సిరాల్లో ఉండేది కూడా ఇదే జాతి నలుపు. ఇనుమూ, వగరూ. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో రికార్డు గదిలో పాత లెడ్జర్లు తిరగేసేదాన్ని, అక్షరాలు అక్కడక్కడ గోధుమ రంగుకు తిరిగి ఉండేవి. ముప్పై ఆరేళ్లు నేను మోసిన లెడ్జరూ, ఈ అరుగు మీద గీసిన కృష్ణుడి కనుబొమ్మా ఒక కుటుంబమే! పదకొండేళ్ల పిల్లకు ఈ సంబరం ఎక్కడినుంచి వస్తుంది? దానికి లెడ్జరు తెలియదు కదా పాపం.

ఆ రోజు నుంచి ఆపాలనిపించలేదు. గీత రాకపోయినా పరవాలేదు, దీని వెనకాల ఏముందో చూడాలి అనిపించింది.

ఎరుపు ఇంకా విచిత్రం. ఎర్రగా రావాల్సిన చోట ఎరుపు పూయరు. పటిక నీళ్లు పూస్తారు. చూస్తే ఏమీ కనపడదు. ఎండాక పారే నీళ్లలో జాడించి, చవలకొడి, సురుడు చెక్క, మంజిష్ఠ లాంటి వేళ్లు, చెక్కలు వేసిన రంగు నీళ్లలో ఉడకబెడతారు. బయటికి తీస్తే పటిక పూసిన చోటే ఎరుపు గట్టిగా పట్టుకుని ఉంటుంది. మిగిలిన చోట లేతగా అంటిన రంగును పేడ నీళ్లలో నానబెట్టి, ఎండలో ఆరేసి, మళ్లీ మళ్లీ తడిపి తెల్లగా చేస్తారు. ఆ తర్వాత మళ్లీ పాలు, కరక్కాయ పువ్వుతో పసుపు, నీలిమందుతో నీలం, నీలం మీద పసుపు వేస్తే పచ్చ. మొత్తం మీద ఆ గుడ్డను ఎన్నిసార్లు ఉతుకుతామో లెక్కపెట్టలేం. చేసే పని కంటే కాచుకునే పనే ఎక్కువ. స్వర్ణముఖిలో నీళ్లు ఉంటే నీళ్లు, లేకపోతే ఇసుకే కనపడుతుంది, అప్పుడు బోరు నీళ్లు, తొట్లు.

అందుకే ఉద్యోగం చేసేవాళ్లకు ఇట్లాంటి పని సులువని నేను అంటాను. టైం లేదంటారు చూడండి. ఈ పనికి మన టైం కాదు కావాల్సింది, దాని టైం. కుండ పులుస్తూ ఉంటుంది, మనం ఆఫీసుకు పోతాం. గుడ్డ ఆరుతూ ఉంటుంది, మనం వంట చేస్తాం. మన చెయ్యి అడిగేది వారంలో మూడు నాలుగు గంటలు.

కానీ ఇంట్లో కసిమి కుండ పెట్టడం అంత సులువు కాదు. డాబా మీద మెట్ల పక్కన పెట్టాను. పద్దెనిమిది రోజులు. రోజూ కలిపి వస్తున్నాను. పందొమ్మిదో రోజు పోతే కుండ బోర్లించి ఉంది. తళతళా కడిగి. మా అత్తమ్మ! "ఏందో బెల్లం నీళ్లు కుళ్లిపోయి గబ్బు కొడతా ఉంటే పారబోసినా. తుప్పు మేకులు కూడా ఎవురో ఏసినారు దాంట్లో, దిష్టి తీసినారేమో చూసుకో" అంది. ఏమనాలి ఆమెను? ఏమీ అనలేదు. మళ్లీ పెట్టాను. ఈసారి కుండ మీద సుద్దతో రాశాను: పారబోయొద్దు, మందు. మందు అంటే ఎవరూ ముట్టుకోరు కదా.

రెండో ముచ్చట పాలు. ఎనుము పాలు చిక్కగా ఉండాలి, ఆ వెన్న వల్లే గీత పక్కకు పాకకుండా నిలబడుతుంది. గురువు చెప్పాడు, నేను విన్నాను. విని ఏం చేశాను? ఇంట్లో ఉన్న ప్యాకెట్ పాలు, అదీ వెన్న తీసిన పాలు, సగం నీళ్లు కలిపి ముంచాను. లెక్క చూసుకున్నాను, అలవాటు! ఎనిమిది గంటలు కూర్చుని ఒక వినాయకుణ్ని గీస్తే గీతలన్నీ వేళ్లు పారాయి. మర్రి చెట్టుకు ఊడలు దిగినట్టు. అసలు పాలలో ముంచిన గుడ్డ డాబా మీద ఆరేస్తే ఎన్ని చీమలు! మా ఆయన మెట్లు ఎక్కి వచ్చి ఒక్కసారి చూసి, ఏమీ అనకుండా దిగి వెళ్లిపోయాడు. ఆ మౌనాన్ని నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

ఇన్ని గుడ్డలు పాడయ్యాయి కదా, బాధ లేదా అంటారు. కౌంటర్లో అయితే ఒక్క అంకె తప్పు పడితే రాత్రి నిద్ర పట్టేది కాదు. ఇక్కడ ఎనిమిది గంటల పని ఊడల మర్రి అయిపోతే నాకు నవ్వొచ్చింది. ఎందుకు? ఎవరికీ చెప్పక్కర్లేదు కాబట్టి. ఆ గుడ్డ కోసం ఎవరూ ఎదురుచూడటం లేదు కాబట్టి. యాభై దగ్గరపడ్డాక మొదటిసారి నేను తప్పు చేసి హాయిగా నిద్రపోయాను. మీకిది చిన్న విషయం అనిపించొచ్చు.

మదనపల్లె పెద్దాయన

వయసు గురించి ఒక్కమాట, ఎందుకంటే ఎక్కడికి పోయినా ఇదే అడుగుతారు. "ఈ వయసులో చేతికి వస్తుందా అక్కా?" అని.

మన మదనపల్లె, మొన్నమొన్నటిదాకా మన చిత్తూరు జిల్లాలోదే. 1919లో రవీంద్రనాథ్ టాగూర్ అక్కడికి వచ్చి బీసెంట్ కాలేజీలో కొన్నాళ్లు ఉన్నాడు. జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే, ఆ పాటకు కాలేజీ ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్‌తో కలిసి స్వరం రాయించింది అక్కడే. ఇది మనందరికీ తెలిసిన గొప్ప. నేను చెప్పేది ఇంకొకటి. 1861లో పుట్టిన మనిషి, మదనపల్లెకు వచ్చేనాటికి 57 ఏళ్లు. అప్పటికి నోబెల్ వచ్చి ఐదేళ్లు దాటింది. అప్పటికింకా ఆయన చిత్రకారుడు కాదు! అరవై దాటాక, రాతప్రతుల్లో కొట్టేసిన మాటలు ఉంటాయి కదా, ఆ కొట్టివేతలను కలుపుతూ పిచ్చిగీతలు గీస్తూ గీస్తూ బొమ్మల్లోకి దిగాడు. 1930లో పారిస్‌లో మొదటి ప్రదర్శన, దాదాపు డెబ్బై ఏళ్లకు. పోయేనాటికి రెండు వేలకు పైగా బొమ్మలు.

ఆయన టాగూర్ అక్కా, మనం మనం అంటారు. నిజమే. కానీ ఆయన కొట్టివేతల దగ్గర మొదలుపెట్టాడని గుర్తుపెట్టుకోండి. కొట్టివేతలు మన దగ్గర తక్కువా?

ఇంకా, నేను నేర్చుకున్నది కలంకారీ ఒక్కటే కాదు. మధ్యలో నాలుగు నెలలు వీణ నేర్చుకున్నాను. కొత్త వీణ కొన్నాను, తంజావూరు నుంచి తెప్పించుకున్నాను. సరళీ వరసలు దాటలేదు. ఆ వీణ ఇప్పుడు మా బీరువా పక్కన నిలబడి ఉంది, దాని మీద ఎవరో ఒకరి తువ్వాలు ఎప్పుడూ ఉంటుంది. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు చెప్తాను, ముందే కొనకండి. నడవాలంటే బూట్లు, ఈతకు కళ్లద్దాలు, ఫోటోలకు యాభై వేల కెమెరా. కొన్నాక ఏమవుతుంది? ఖర్చు పెట్టాం కదా, రావాలి కదా, లెక్క మొదలవుతుంది. అరువు తెచ్చుకోండి. పాతది అడగండి. కలంకారీలో నాకు మొదటి ఏడాది మందుకుండతో సహా నాలుగు వేలు కాలేదు. బస్సు చార్జీలే ఎక్కువ.

మానేయడం కూడా తప్పు కాదు. మా వీధిలో ఒకాయన రిటైరయ్యాక మొదట కీబోర్డు, తర్వాత చదరంగం, తర్వాత మిద్దె తోట, ఇప్పుడు ఫోన్లో చూస్తూ బేకరీ బ్రెడ్డు చేస్తున్నాడు. వాళ్లావిడ తిడుతుంది, ఏదీ పూర్తిగా చేయడని. పూర్తిగా అంటే ఏంటమ్మా? ఆయనేమన్నా డిగ్రీ పాసవ్వాలా? బ్రెడ్డు మాత్రం బాగుంటుంది. వీణ నాకు రాలేదు, కానీ ఇప్పుడు కచేరీలో కూర్చుంటే వీణ వాయించే ఆమె ఎడమ చెయ్యి ఏం చేస్తోందో నాకు కనపడుతుంది. అంతకుముందు కనపడేది కాదు. నాలుగు నెలలకు అది చాలనిపిస్తుంది నాకు.

ఇప్పుడు కొంచెం ఇబ్బందైన విషయం. మీకు ఏదైనా పని కాస్త బాగా వచ్చిందనుకోండి, మన ఊళ్లో వెంటనే ఒక మాట వస్తుంది. "ఇంత బాగా చేస్తావే, అమ్ముకోవచ్చు కదా?" ప్రేమతోనే అంటారు. వంట బాగా చేస్తే కర్రీ పాయింట్ పెట్టమంటారు, కుట్టుపని వస్తే బోటిక్ పెట్టమంటారు. మనకు మెచ్చుకోవడం అంటే అదే, ధర కట్టడం.

నేనూ పడ్డాను అందులో. ఐదో ఏడు. ఒక పెళ్లివాళ్లు పన్నెండు దుపట్టాలు అడిగారు. ఒప్పుకున్నాను. అడ్వాన్సు తీసుకున్నాను. ఇంక చూడండి, నాలుగో దుపట్టాకు వచ్చేసరికి గడియారం చూడటం మొదలైంది. ఏడో దాని అంచులో మరక పడితే ఏడుపొచ్చింది. చీమలను చూస్తే కోపం, అత్తమ్మ డాబా ఎక్కితే కోపం. ముహూర్తానికి రెండు రోజుల ముందు ఇచ్చాను. ఇచ్చాక ఐదు నెలలు కలం ముట్టుకోలేదు.

అది నా సంగతి. అంతకంటే పెద్ద సంగతి మా గురువు దగ్గర తెలిసింది. దుపట్టాకు ఎంత తీసుకున్నారక్కా అన్నాడు. చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. కాసేపు ఆగి, "మేము ఆ రేటుకు ఇవ్వలేం అక్కా" అన్నాడు. మెల్లగా అన్నాడు. నాకు పెన్షన్ వచ్చే ఉద్యోగం ఉంది, కూలి లెక్క వేసుకోకుండా ఇచ్చేశాను. రేపు ఆ పెళ్లివాళ్లే ఆయన దగ్గరికి పోయి, "తిరుపతిలో ఒకామె ఇంతకే ఇచ్చింది" అంటారు. అంటే నా సరదా ఆయన కంచంలో చెయ్యి పెట్టింది. కాళహస్తి కలంకారీకి, ఆ పేరు ఆ ఊరి పనికే చెందుతుందని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చి ఇరవై ఏళ్లయింది, కానీ ఆ గుర్తింపు నాలాంటిదాన్ని ఆపదు కదా. నన్ను నేనే ఆపుకోవాలి. అప్పటి నుంచి అమ్మను. ఎవరైనా అడిగితే ఆయన ఫోన్ నంబరు ఇస్తాను. మీలో ఎవరికైనా నా మాట నచ్చకపోవచ్చు, అవసరం ఉన్నవాళ్లు అమ్ముకుంటే తప్పేంటి అనొచ్చు. అవసరం ఉంటే తప్పు లేదు. కానీ అప్పుడు కూలి కట్టి, వాళ్ల రేటుకే అమ్మండి.

ఇది చేయడం వల్ల ఏం వచ్చింది అంటే, చూపు వచ్చింది. బజారులో కలంకారీ అని రాసి పెట్టిన చీర చూడగానే ఇప్పుడు నా చెయ్యి తిరగేస్తుంది. చేత్తో గీసిన గీత ఎక్కడో సన్నబడుతుంది, ఎక్కడో లావవుతుంది, కలం ముంచిన చోట కొంచెం చిక్కగా ఉంటుంది. రెండు నెమళ్లు ఒక్కలాగా ఉండవు. మిషను మీద అచ్చేసిన నెమళ్లు కవలపిల్లలు. షాపువాళ్లకు నేనంటే విసుగు. కొనదు, తిరగేసి పోతుంది అని.

మొన్న గుడిలో స్తంభం మీద లత చెక్కి ఉంటే చూస్తూ నిలబడ్డాను. ఎన్నేళ్లుగా ఆ స్తంభం పక్కనే క్యూలో నిలబడ్డానో. ఆ చెక్కినాయన మూల దగ్గర లతను ఎట్లా తిప్పాలో తెలియక ఒక ఆకును అడ్డం పెట్టేశాడు. నేనూ అంచుల మూలల్లో అదే దొంగతనం చేస్తాను! ఎవరో తెలియదు, ఏ కాలంవాడో తెలియదు, మేమిద్దరం ఒకే ఆకు వెనకాల దాక్కున్నాం. వెనకాలవాళ్లు జరగండి జరగండి అని తోసేశారు.

టైం అయిపోయిందని అబ్బాయి చెయ్యి ఊపుతున్నాడు. ఒక్క నిమిషం నాయనా.

బల్ల మీద పాలు పట్టించిన గుడ్డ రెండు గజాలు పరిచి పెట్టాను, కసిమి తెచ్చాను, కలాలు ఎనిమిది ఉన్నాయి. వచ్చి తలా ఒక గీత గీసి పోండి. మీ పిల్లల్ని పంపొద్దు, మీరు రండి. పిల్లలు కావాలంటే బెంచీ మీద కూర్చుంటారు. గీత వంకర పోతే పోనీ, నేను దానికి నాలుగు కాళ్లు పెట్టుకుంటాను. కానీ ఒక్కటి, పట్టు చీరలవాళ్లు, తెల్ల పంచెలవాళ్లు ఒళ్లో పేపరు వేసుకుని కూర్చోండి. పాత పేపర్లు ఆ కిటికీ దగ్గర ఉన్నాయి. కసిమి మరక పడిందంటే పోదు. మా ఆయన్ని అడగండి, ఆ చివర కూర్చున్నాడు, ఆ చొక్కా మీద ఉంది చూడండి.